మూడు ఇత్తడి రింగులు

"గిట్లుండాలె కడుగుడంటే! బంగారం లెక్క మెరుస్తున్నయ్ పో," అని కొమురెల్లి మెచ్చుకున్నప్పుడు సారక్క నోరు విప్పలేదు. కారు గేరు డబ్బాలోని ఆ మూడు ఇత్తడి రింగులను ఆమె అట్లా మెరిపించలేదు. మిగతా ముక్కల్లాగే వాటినీ కిరసనాయిలులో నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి మేకుకు తగిలించింది. తగిలించేటప్పుడు అవి చింతగింజ రంగులో ఉన్నాయి. మొగుడు డ్యూటీ దిగి వచ్చేసరికి తళతళమంటున్నాయి. మధ్యలో ఏం జరిగిందో ఆమెకు తెలియదు, అడిగి తెలుసుకోవాలనీ అనిపించలేదు. పెళ్ళయి పదమూడేళ్ళయింది. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు చెప్పేవాడు, తక్కువైన రోజు చెప్పేవాడు, సరిపోయిన రోజు మాత్రం గమ్మున తిని లేచేవాడు. అటువంటి మనిషి నోట "గిట్లుండాలె" అన్న మాట వచ్చింది. ఎండన పడి వచ్చినవాళ్ళు ఇచ్చిన నీళ్ళు ఎవరి కుండలోవని అడుగుతారా? సారక్క ఆ మెచ్చుకోలును గటగటా తాగేసింది. ఆ తాగడమే ఆమె కొంప ముంచింది.

అది డెబ్భై నాలుగో సంవత్సరం, వానలు వెనకపట్టిన రోజులు. కొమురెల్లి గోదావరిఖనిలో గని వర్క్‌షాపులో ఫిట్టరు. రెండేళ్ళ కిందట పాత అంబాసిడర్ ఒకటి కొని, డ్యూటీ లేని పూట రామగుండం స్టేషను నుంచి ఖనికి సవారీలు తోలుతున్నాడు. వాళ్ళ క్వార్టర్ల లైనులో మొదటి కారు అదే. కారు మంచిదే కానీ, దాని రెండో గేరుకు నిలకడ లేదు. ఎక్కించిన గేరు ఎక్కించినట్టే జారిపోయేది. కొమురెల్లి ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఇంకో చేత్తో గేరు రాడ్డును మేక చెవి పట్టుకున్నట్టు పట్టుకుని తోలుకొచ్చేవాడు. కరీంనగర్ మేస్త్రీకి ఇయ్యరాదా అని ఎవరన్నా అంటే అతనికి రోషం వచ్చేది. "బొగ్గు తొట్లు గుంజే పెద్ద పెద్ద హాలేజి ఇంజన్లు ఇప్పి బిగించేటోన్ని. గీ గేరు డబ్బా నాకొక లెక్కా?" అని ఒకనాడు ఇంటి వెనక దొడ్డిలోనే పని మొదలుపెట్టాడు.

బండి కింద మనిషి పట్టేంత గుంత కావలసి వచ్చింది. గనిలో పైకప్పుకు కర్ర దిమ్మెలు నిలబెట్టే రాయమల్లు పక్క క్వార్టరే. గుంత తవ్వమంటే అతను తనకు తెలిసిన తీరునే తవ్వాడు. అంచుల వెంట దిమ్మెలు పాతి, మీద అడ్డదూలాలు వేసి, బండి బరువంతా వాటి మీద ఆపి, ఒక్కొక్క దిమ్మెను కట్టెతో తట్టి, ఆ చప్పుడు విన్నాకే బయటికొచ్చాడు. "గని కూలినా కూలుతది గానీ గీ గుంత కూలది," అన్నాడు. అంబాసిడర్ కారు కిందికి అంత పద్ధతిగా గని దింపిన లైను మన దేశంలో ఇంకోటి ఉంటుందని నేననుకోను.

ఇక గేరు డబ్బా దిగింది. "నేను సొంతంగ చేస్తున్న," అని కొమురెల్లి షిఫ్టులో అందరికీ చెప్పుకున్నాడు. సొంతంగా అంటే ఎట్లాగో చెబుతాను. అతను సాయంత్రం గంటసేపు కూర్చుని నాలుగు బోల్టులు విప్పుతాడు. సారక్క పక్కన నిలబడి "పదమూడు", "పదిహేడు" అన్న నంబరు అన్నట్టే స్పానరు అందిస్తుంది. మధ్యలో చాయ్ పెట్టుకొస్తుంది. అతను లేచి చేతులు కడుక్కుంటే సబ్బు ఇస్తుంది. మర్నాడు అతను మొదటి షిఫ్టుకు పోయినాక, నల్లా నీళ్ళు పట్టి, పిల్లలను బడికి తోలి, బొగ్గుమసి పట్టిన అతని బట్టలు ఉతికి, వంట దించి, అప్పుడు ఆ ముక్కల ముందు కూర్చుంటుంది. ఒక్కొక్క పళ్ళచక్రం సందులో పేరుకున్న నల్లటి జిడ్డును తీస్తూ కూర్చుంటే నడుము పట్టేసేది, కిరసనాయిలుకు వేళ్ళు పగిలేవి. "ఏం జేసినవ్ పొద్దంత?" అని మొగుడు అడిగితే "కడిగిన," అనేది. కడగడం అంటే పని కాదు కాబట్టి అతను మళ్ళీ ఏమీ అడిగేవాడు కాదు.

అయితే ఆమె ఉత్తగా కడగలేదు. సారక్క తండ్రి గట్టయ్య గని మీద ల్యాంపు రూములో పనిచేసేవాడు. చిన్నప్పుడు ఆమె అతనికి సద్ది పట్టుకుపోయి, ఆ గోడల నిండా వేలాడే దీపాలను నోరు తెరిచి చూసేది. ప్రతి దీపానికి ఒక నంబరు, ప్రతి నంబరుకు ఒక కొక్కెం. షిఫ్టు దిగినాక ఒక కొక్కెం ఖాళీగా ఉందంటే, ఆ మనిషి ఇంకా గని లోపలే ఉన్నాడని అర్థం. "దీపాలను చూస్తే ఏం తెల్వది బిడ్డా. కొక్కేలను చూడాలె," అనేవాడు గట్టయ్య. కొమురెల్లి ముక్కలను విప్పి ఎక్కడ పడితే అక్కడ పెడుతుంటే ఆమెకు ఊపిరాడలేదు. దొడ్డిగోడకు వరసగా మేకులు కొట్టింది. ముందు ఊడింది మొదటి మేకుకు, తర్వాత ఊడింది రెండో మేకుకు. తగిలించడానికి వీలుకాని బరువైనవి ఆయా మేకుల కింద గోనెపట్టా మీద. ఒకనాడు కొమురెల్లి ఏదో గట్టిగా లాగితే మూడు చిన్న గోళీలు, వాటి వెనక మూడు స్ప్రింగులు ఎగిరి దొడ్డిలో పడ్డాయి. ఆమె మోకాళ్ళ మీద పాకి, బీరపాదు మొదట్లో మట్టిని జల్లెడ పట్టి, ఆరింటినీ ఏరి జర్దా డబ్బాలో వేసి ఆ డబ్బాకూ ఒక మేకు ఇచ్చింది. గోడను చూసి కొమురెల్లి, "ఏందిది, దుకాణం పెట్టినవా?" అని నవ్వాడు.

అట్లా రోజూ కడుగుతూ, తుడుస్తూ, తగిలిస్తూ ఉండగా సారక్కకు ఆ డబ్బా అర్థం కావడం మొదలైంది. ఎవరూ చెప్పలేదు. ఒకసారి అడిగితే "నీకెందుకు గవన్ని?" అన్నాడు. సరే, అతను చెప్పకపోతే ఇనుము చెప్పదా? ఒక చక్రాన్ని ఇంకో చక్రం పక్కన పెట్టి తిప్పి చూసింది. చిన్నది పెద్దదాన్ని నిదానంగా తిప్పుతుంది, పెద్దది చిన్నదాన్ని ఉరికిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఏది కావాలో, చదును మీద ఏది కావాలో తెలిసింది. ఇత్తడి రింగు ఎందుకో రెండు రోజులు తెలియలేదు. మూడో రోజు దాన్ని చక్రం మెడ మీద పెట్టి అరచేత్తో నొక్కి తిప్పబోతే, అది తిరగక గట్టిగా పట్టుకుంది. రింగు లోపల వెంట్రుకంత సన్నటి గీతలున్నాయి, పట్టు వాటిది. తిరుగుతున్నదాన్నీ వేరే వేగంతో ఉన్నదాన్నీ కలపాలంటే ఈ రింగు ముందుగా పోయి పట్టుకుని, తాను అరుగుతూ, రెంటి వేగాన్నీ ఒకటి చేస్తుంది. అప్పుడే పళ్ళలో పళ్ళు మెత్తగా పడతాయి. ఇంట్లో ఆ పని ఎవరిదో సారక్కకు వేరే చెప్పాలా? ఆ రోజు ఆమె ఒక్కతే దొడ్డిలో కూర్చుని నవ్వుకుంది. కూర మాడింది. మాడనీ అనుకుంది. పదమూడేళ్ళలో మొదటిసారి ఆమె తలలో తనదైన సంగతి ఒకటి చేరింది, అది ఉప్పూ పప్పూ పిల్లల జ్వరాలూ కానిది.

కొత్త బేరింగులు వచ్చాయి. కొమురెల్లి కూర్చుని డబ్బా కట్టాడు. అప్పుడే రింగులను చూసి మెచ్చుకున్నాడు. రాయమల్లు, లారీ తోలే ఎల్లేశం చేయి వేస్తే డబ్బాను బండికి ఎక్కించి బయటికి తీశాడు. లైనంతా గుమ్మాల్లో నిలబడింది. మొదటి గేరులో బండి చక్కగా కదిలింది. రెండోదానికి మార్చగానే కర్రుమని అరిచింది. మూడోదానికి ఇంకా గట్టిగా అరిచింది. నాలుగోదానికి పళ్ళు రాలుతాయేమో అన్నంత చప్పుడు. మలుపు దాకా పోయి వెనక్కి వచ్చేసరికి కొమురెల్లి మొహం ఇనుపచట్టి లెక్క నల్లబడింది. మళ్ళీ దించాడు, మళ్ళీ విప్పాడు, మళ్ళీ కట్టాడు, మళ్ళీ ఎక్కించాడు. అదే అరుపు.

"ముక్క ఏదో పోగొట్టినవ్ నువ్వు," అన్నాడు.

"ఏ ముక్క?" అంది సారక్క.

"ఏ ముక్కనో నాకేం ఎరుక? కడిగింది నువ్వు గద."

"నువ్వు కట్టవోయేటప్పుడు ఒక్క మేకు గూడ ఖాళీ లేదు. అన్ని ఉండె."

"మేకులట మేకులు! ఇంజనీరువా నువ్వు?"

పోయిన ముక్క ఏదో తెలియదు కానీ పోగొట్టింది ఎవరో మాత్రం తెలుసు. అట్లా ఉంటుంది లెక్క. రెండు రోజుల్లో ఆ మాట షిఫ్టులో చేరి, షిఫ్టు నుంచి లైనుకు వచ్చి, లైను నుంచి నల్లా దగ్గరికి చేరింది. "ముక్క దొరికిందా సారక్కా?" అని మల్లక్క బిందె పెడుతూ అడిగేది. అడగడంలో కొంత జాలి, కొంత సరదా. వెనక ఉన్నవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. ఐతారం నాడు ఎల్లేశం లారీ కరీంనగర్ పోతుంది, గేరు డబ్బా అందులో మేస్త్రీ దగ్గరికి పోవాలని కొమురెల్లి తేల్చేసి, దాన్ని మళ్ళీ బండి నుంచి దించి దొడ్డిలో పెట్టించాడు. మేస్త్రీకి ఏం చెప్పాలో కూడా ఎల్లేశానికి చెప్పిపెట్టాడు. "మా ఆమె కడుగంగ ముక్క పోగొట్టిందని చెప్పు, గప్పుడు ఆయన ఎత్కుతడు." తర్వాత సారక్క వైపు తిరిగి, "ఇంక నా సామాను ముట్టకు. నీ గిన్నెలు నువ్వు చూస్కో," అన్నాడు.

నిందకు ఆమె అలవాటుపడింది. పిల్లవాడికి జ్వరమొస్తే ఆమె చన్నీళ్ళు పోసినందుకు, బండి మొరాయిస్తే ఆమె ఎదురొచ్చినందుకు, అన్నం చల్లారితే అతను ఆలస్యంగా వచ్చినా తప్పు ఆమెదే. అవన్నీ దులిపేసుకుని పనిలో పడేది. ఇది మాత్రం దులిపితే పోలేదు. ఎందుకంటే ఈసారి ఆమెకు తెలుసు. మిగతా నిందలప్పుడు ఏమో, నా తప్పేనేమో అనుకోవడానికి ఎక్కడో సందుండేది. ఇక్కడ ఆ గోడ ఉంది, మేకులున్నాయి, తండ్రి నేర్పిన లెక్క ఉంది. ముక్క పోలేదు. దానికంటే గట్టిగా తగిలింది "ముట్టకు" అన్న మాట. ఐతారం నాడు ఆ డబ్బా లారీ ఎక్కిందంటే, ముక్క పోగొట్టినది సారక్క అన్న మాట కరీంనగర్ దాకా పోయి స్థిరపడిపోతుంది. ఇంక జన్మలో ఎవరూ ఆమెను ఆ ఇనుము దగ్గరికి రానివ్వరు. తలలో చేరిన ఆ ఒక్క సంగతీ పోతుంది. అది తలచుకుంటే ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అంత కోపం తనలో ఉందని ఆమెకే కొత్తగా తోచింది.

శుక్రవారం పొద్దున బియ్యం చెరుగుతూ కూర్చుంది. చేట చేతిలో ఉంది కానీ మనసు డబ్బాలో ఉంది. మొదటి గేరు అరవలేదు. వెనక్కి పోయే గేరూ అరవలేదు. రెండు, మూడు, నాలుగు అరిచాయి. ముక్క పోయి ఉంటే ఒకటే అరవాలి కదా, మూడూ ఎందుకు అరుస్తాయి? మొదటిదానికి లేనిది, ఆ మూడింటికీ ఉన్నది ఏంది? చేట ఆగిపోయింది. ఇత్తడి. రింగు లేని గేర్లు మంచిగా పడుతున్నాయి, రింగున్న మూడూ అరుస్తున్నాయి. బంగారం లెక్క మెరుస్తున్నయ్ అన్న మాట అప్పుడు మళ్ళీ వినబడింది, ఈసారి తియ్యగా లేదు. మెరిపించింది నేను కానప్పుడు ఆ సంగతి అప్పుడే చెప్పవలసింది. ఒక్క మంచి మాట కోసం నోరు మూసుకున్నాను. ఆ తప్పు మాత్రం నాదేనని ఒప్పుకుని, బియ్యం పక్కన పెట్టి, స్పానరు తీసుకుని దొడ్డిలోకి నడిచింది.

ఊడినవాటిని మళ్ళీ వాటి మేకులకే తగిలిస్తూ డబ్బా విప్పేసరికి మధ్యాహ్నమయింది. కొమురెల్లి రెండు సాయంత్రాలు తీసుకున్న పని అది. రెండోసారి విప్పినప్పుడు అతను పోయిన ముక్క కోసం వెతికాడు కానీ ఉన్నవాటిని చూడలేదు. సారక్క రింగును చక్రం మెడకు పెట్టి నొక్కి తిప్పింది. జారింది. గాజు మీద వేలు జారినట్టు జర్రున తిరిగింది. ఎండలోకి పట్టుకుపోయి చూస్తే ఆ వెంట్రుక గీతలు లేవు. గోరుతో గీకింది. గోటి కింద ఎర్రటి పొడి వచ్చింది. వాసన చూసింది. నూనె కంపు వెనక పుల్లగా, ఎరిగిన వాసన ఒకటి.

చింతపండు. ఇటుకపొడి.

అత్త లస్మవ్వ అరుగు మీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. మొగుడు పోయినాక బొగ్గులో రాళ్ళు ఏరే కూలి చేసి కొడుకును పెంచిన మనిషి. చూపు మందగించింది కానీ చేతులు ఊరుకోవు. ఇంట్లో ఇత్తడి ముంత మీద మచ్చ కనిపిస్తే ఆమెకు అన్నం దిగదు. కోడలు ఆమె ముందు రింగు పెట్టి, "అత్తా, గిది నువ్వు తోమినవా?" అంది.

"తోమిన. పండుగొస్తాంది గద బిడ్డా. బిందెలు, చెంబులు తోముతుంటే గోడకు గవ్వి మూడు కిలుం పట్టి కనబడ్డయ్. ఇత్తడిని గట్ల ఇడుస్తరా ఎవరన్న? లోపల గీతలల్ల సుత మురికుండె. పీసు పెట్టి గట్టిగ రుద్దిన. ఎక్కడియి అక్కడ్నే తగిలిచ్చిన," అంది లస్మవ్వ గర్వంగా. తర్వాత కోడలి మొహం చూసింది. "ఏమైంది?"

సారక్క చెప్పింది. గీతల్లో ఇటుకపొడి కూరుకుని గట్టిపడిందనీ, పట్టు పోయిందనీ, అందుకే బండి అరుస్తున్నదనీ. కోడలు సరిగా ఊడ్వలేదనీ, నీళ్ళు ఒలకబోసిందనీ పదమూడేళ్ళు లైనుకంతా వినిపించిన గొంతు సన్నబడింది.

"వానికి చెప్పకు బిడ్డా. వాడు నన్ను ఏమన్న అంటడు. ముసల్దానివి మూలకు కూసోరాదా అంటడు."

సారక్కకు అప్పుడు నిజం చెప్పాలంటే ఒక ఘడియ సంతోషం కలిగింది. నిందను ఆ చేతుల్లో పెట్టేసి తాను బయటపడవచ్చు. ఆ చేతులకేసి చూసింది. బొగ్గు కోసుకుపోయిన నల్లటి మచ్చలు ఇంకా వేళ్ళ మీదున్నాయి. ఈమె కూడా ఉత్తగా కూర్చోలేక, ఎవరూ చెప్పకుండానే పని నెత్తినేసుకుని, మెరిసేదాకా రుద్దిన మనిషే. ఎవరూ బాగుందనలేదు. అనవలసిన మాట కోడలు తీసేసుకుంది.

"చెప్ప. గానీ నువ్వొచ్చి నా పక్కన కూసోవాలె," అంది సారక్క.

ఇనుప సూది పెడితే ఇత్తడి గీసుకుపోతుందని సారక్క తుమ్మముళ్ళు ఏరుకొచ్చింది. లస్మవ్వ రింగును ఒళ్ళో పెట్టుకుని, కళ్ళతో పని లేకుండా వేలి కొసతో గీతను పట్టుకుని, ముల్లుతో ఒక్కొక్క చుట్టూ తవ్వింది. అబ్బ, ఏం చేతులవి! బొగ్గులో రాయిని తాకి చెప్పిన వేళ్ళు, వెంట్రుకంత గీతలో ఇటుక ఎక్కడ ఆగిందో చెప్పాయి. ఒక రింగుకు రెండు గంటలు పట్టింది. శుక్రవారం సాయంత్రం డబ్బా మీద గోనెపట్టా కప్పితే, రోషంలో ఉన్న కొమురెల్లి ఆ గోడ వైపు కూడా చూడలేదు. కిరసనాయిలులో ముంచి, మళ్ళీ తవ్వి, మళ్ళీ ముంచి శనివారం పొద్దెక్కేసరికి మూడూ అయ్యాయి. సారక్క రింగును చక్రం మెడకు పెట్టి నొక్కింది. తిప్పితే తిరగలేదు. "నువ్వు చూడు," అని అత్త చేతికిచ్చింది. లస్మవ్వ రెండు చేతులా తిప్పబోయి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది. "పట్టింది గదనే! ఉడుం లెక్క పట్టింది!"

కట్టే పని మిగిలింది. సారక్క గోడ ముందు నిలబడి చివరి మేకు నుంచి వెనక్కి నడిచింది. చివర ఊడింది ముందు పోతుంది. గ్రీజు పూసి సూదుల్లాంటి సన్నటి రోలర్లను ఒక్కొక్కటే అంటించింది. ఆ మూడు గోళీల దగ్గర మాత్రం ఆగిపోయింది. స్ప్రింగుల మీద గోళీలను పెట్టి మూడింటినీ ఒక్కసారే లోపలికి నొక్కి పట్టి, పైన గుండ్రటి తొడుగు జరపాలి. కొమురెల్లి దీని దగ్గర అరపూట తిట్లు తిట్టాడు. ఒక్క మనిషికి అన్ని బొటనవేళ్ళు లేవు. "అత్తా, రెండు గోళీలు నీయి, ఒకటి నాది," అంది. మొదటిసారి ఒకటి ఎగిరి ముసలామె ఒళ్ళో పడింది. రెండోసారి లస్మవ్వకు నవ్వొచ్చి వేలు జారింది. మూడోసారి తొడుగు టక్కుమని కూర్చుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పదమూడేళ్ళలో ఒకే పొయ్యి దగ్గర వేల పూటలు గడిపారు కానీ, ఇద్దరూ కలిసి ఒక పని పూర్తి చేసింది అదే మొదలు. సబ్బు అట్టడబ్బాను కత్తిరించి మూత కిందికి అట్ట వేసి, బోల్టులు బిగించి, పైన గోనెపట్టా కప్పేసరికి కొమురెల్లి షిఫ్టు దిగే వేళయింది. సారక్క లేచి పోయి పప్పు పొయ్యి మీద పెట్టింది.

ఐతారం పొద్దున ఎల్లేశం లారీ లైను మొదట్లో ఆగింది. రాయమల్లూ వచ్చాడు. ఇద్దరూ డబ్బాను లేపబోతుంటే సారక్క అడ్డంగా వచ్చి నిలబడింది.

"లారీకి వద్దు. బండికి ఎక్కియ్యండ్రి."

కొమురెల్లి గోనెపట్టా లాగి చూశాడు. మూత కింద కొత్త అట్ట కనిపించింది. "నువ్వు ఇప్పినవా? ముట్టకు అన్ననా లేదా?"

"అన్నవ్. ముట్టిన. ఇప్పిన, మల్ల కట్టిన." సారక్క లారీ వైపు చేయి చూపింది. "ఒక్కసారి ఎక్కిచ్చి చూడు. అరిస్తే గీ లారీలనే పంపు. నేను నల్లా కాడ నిలబడి ముక్క నేనే పోగొట్టిన్నని అందరు ఇనేటట్టు చెప్త."

"ఏం జేసినవ్ అండ్ల?"

సారక్క అరుగు వైపు చూడలేదు. "రింగులు మల్ల కడిగిన," అంది.

కొమురెల్లి ఫెళ్ళున నవ్వాడు. కడిగితే బాగుపడుతుందా అన్నాడు. రాయమల్లు మాత్రం దిమ్మెను తట్టి విన్నంత శ్రద్ధగా ఆమె మొహాన్ని చూశాడు. "ఒక్క పూట పని, చూస్తే ఏం పోతది కొమురెల్లీ?" అన్నాడు. ఎల్లేశం లారీ ఇంజను ఆపేశాడు. ముగ్గురూ గుంతలోకి దిగారు. సారక్క వాళ్ళకు స్పానర్లు అందించింది, ఈసారి నంబరు అడగకముందే.

మధ్యాహ్నానికి బండి బయటికొచ్చింది. మళ్ళీ గుమ్మాలు నిండాయి. మల్లక్క బిందెతో సహా వచ్చి నిలబడింది. మొదటి గేరు. బండి కదిలింది. రెండు. చప్పుడు లేదు. మూడు. ఇంజను గొంతు మాత్రం మారింది, అంతే. మలుపు దగ్గర నాలుగు పడ్డట్టుంది, ఎవరికీ వినబడలేదు. వినబడకపోవడమే ఆమెకు కావలసింది. బండి మలుపు తిరిగి, గని రోడ్డు దాకా పోయి, వెనక్కి వచ్చి నిలబడింది. కొమురెల్లి దిగాడు. నలుగురూ చుట్టుముట్టారు. "శబాష్ కొమురెల్లీ," అన్నారు. అతను చెమట తుడుచుకుంటూ నవ్వాడు.

"మరి పోయిన ముక్క దొరికిందా?" అని మల్లక్క అడిగింది.

అతను ఒక్క క్షణం సారక్క వైపు చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని, "ఆఁ... దొరికింది," అన్నాడు.

బండి బాగైంది, నింద అట్లాగే నిలిచింది. పైగా ఇప్పుడు దానికి సాక్ష్యం కూడా దొరికినట్టయింది. సారక్క నోరు తెరవబోయింది. తెరిస్తే అత్తకిచ్చిన మాట పోతుంది. మళ్ళీ మూసుకుంది.

"ఏ ముక్క రా దొరికింది?"

లస్మవ్వ అరుగు దిగి వస్తోంది. ఆ గొంతు మళ్ళీ లైనుకంతా వినిపించేదయింది. "ఏదీ, చూపెట్టు. చేతుల పెట్టు, నేను సుత చూస్త."

"నీకేం తెల్వదు, నువ్వూకో అవ్వా."

"నాకే తెలుసు రా. ముక్క పోనే పోలే. పండుగని గా ఇత్తడిని ఇటుకపొడి ఏసి తోమింది నేను. గీతలు పూడ్చింది నేను. నా కోడలు ఎత్కి పట్టింది. రెండు దినాలు కూసోని కట్టింది. నువ్వు డ్యూటీల ఉన్నవ్. నన్ను కాపాడుదామని నీ ముంగట ఒక్క మాటనలే. ఇప్పుడను, ఏమంటవో నన్నను. దాన్ని అంటే మాత్రం ఊకోను."

మల్లక్క బిందె కింద పెట్టింది. రాయమల్లు తల గోక్కుంటూ, "నేను గప్పుడే అనుకున్న," అని గొణిగాడు. ఎల్లేశం అందరినీ దాటుకుని సారక్క ముందుకొచ్చి నిలబడ్డాడు. కొమురెల్లిని అడగలేదు, అతని వైపు చూడను కూడా లేదు. "వదినే, నా లారీ గేరు సుత మూలుగుతాంది. వచ్చే ఐతారం దింపుత. చూస్తవా?"

"దింపు అన్నా," అంది సారక్క. అంత తొందరగా జవాబు చెప్పినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

జనం పోయినాక కొమురెల్లి చాలాసేపు బండి చుట్టూ తిరిగాడు. బానెటు తుడిచాడు. తలుపు తీశాడు, వేశాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. అతను చెడ్డవాడు కాదు. కానీ తాను తప్పు చేసినప్పుడు ఏం మాట్లాడాలో అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్చుకునే అవసరం ఇన్నేళ్ళలో రాలేదు. చివరికి దొడ్డిలోకి వచ్చి, ఆ మేకుల గోడ ముందు ఆగి, ఎవరితోనో అన్నట్టు అడిగాడు.

"గా రింగులది నీకెట్ల ఎరుకైంది? గోళీలు ఎట్ల పట్టినవ్? రేపు షిఫ్టుల అందరు అడుగుతరు. కొద్దిగ చెప్పరాదు?"

సారక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతనికేసి నిదానంగా చూసింది. కోపం లేదు.

"చెప్తే వచ్చే పని కాదది. వచ్చే ఐతారం ఎల్లేశం అన్న డబ్బా ఇప్పుతున్న. నా పక్కన కూసో, నేర్పిస్త."